మిరెల్లా ఫ్రేనీని ఎక్కడ మొదలుపెట్టాలంటే

సొప్రానో (స్త్రీల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది) గొంతు చెవికి గుచ్చుకుంటోందని, ఇటలీ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) గాయని ఫ్రేనీని దేనితో వినడం మొదలుపెట్టాలని అడిగారు. 1972లో వాద్యబృంద సారథి కరాయన్ నిర్వహణలో రికార్డయిన, స్వరకర్త పుచ్చీని ఒపెరా 'లా బొయెమ్' వినండి. మొదటి అంకంలో కథానాయిక మిమీగా ఫ్రేనీ తన గురించి చెప్పుకునే పాట ఒక్కటే చాలు. పక్కింటి అమ్మాయి మాటల్లా మామూలుగా సాగి, మంచు కరిగాక తొలి ఎండ తనదేనన్న చోట గొంతు ఒక్కసారిగా విప్పారుతుంది. అక్కడ అరుపు లేదు, అంతా వెచ్చదనమే. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అందులో ప్రియుడి పాత్ర గాయకుడు పవరొట్టిది. ఫ్రేనీ, అతనూ ఇద్దరూ 1935లో ఇటలీలోని మోదెనాలోనే పుట్టారు, తల్లులు ఒకే పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశారు. చిన్ననాడే పాడుతున్న ఫ్రేనీని, గొంతు దెబ్బతినకుండా కొన్నేళ్లు ఆగమన్నది మహాగాయకుడు జిల్యీ. ఆగింది కాబట్టే 1955లో సొంతూరి వేదికపై 'కార్మెన్' ఒపెరాతో మొదలై 2005 దాకా పాడగలిగింది.