క్యాన్సర్ తగ్గాక రాత్రంతా జరిగే నడకలో వాలంటీరుగా ఉండొచ్చా?

ప్రశ్న: నా వయసు 48. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, ఎడమ చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. కీమో, రేడియేషన్ పూర్తయి 14 నెలలైంది. కీమోకు ప్రతిసారీ మావారే తీసుకెళ్లారు. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా టామాక్సిఫెన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. పాదాల్లో తిమ్మిర్లు ఇంకా పోలేదు. క్యాన్సర్ రోగుల కోసం విరాళాలు పోగుచేయడానికి సాయంత్రం నుంచి తెల్లారేదాకా సాగే నడకలో వాలంటీరుగా పేరిచ్చాను. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుందని మావారు వద్దంటున్నారు. వెళ్లొచ్చా? – ఒక సోదరి

జవాబు: వెళ్లొచ్చమ్మా. ముందు ఈ మాట చెప్పేస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. అయితే ఎంతసేపు ఉండాలి, అక్కడ ఏ పని ఒప్పుకోవాలి అన్నవి మాత్రం మీ ఒంటిని బట్టి ముందే తేల్చుకోవాలి. మీకు వైద్యం చేసిన డాక్టర్‌కూ ఒక మాట చెప్పండి.

మీవారి భయం ఊరికే పుట్టింది కాదు. రాత్రి షిఫ్టు పని వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో చెప్పింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. ఆయన ఇలాంటిదేదో చదివి ఉంటారు. కానీ అది ఏళ్ల తరబడి రాత్రిళ్లు పనిచేసేవాళ్ల గురించి చెప్పిన మాట. ఒక్క రాత్రి మేలుకున్నందుకు తగ్గిన క్యాన్సర్ తిరగబెడుతుందనడానికి ఆధారం లేదు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఇలాంటి నడకలు ఎలా మొదలయ్యాయో తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. 1985లో అమెరికాలోని టకోమాలో గార్డన్ క్లాట్ అనే సర్జన్ ఒక స్టేడియం ట్రాక్ చుట్టూ 24 గంటలు తిరిగారు. కాసేపు పరుగు, కాసేపు నడక, మొత్తం 80 మైళ్లకు పైనే. స్నేహితులు 25 డాలర్ల చొప్పున ఇచ్చి అరగంటసేపు ఆయనతో కలిసి అడుగులేశారు. అలా 27 వేల డాలర్లు పోగయ్యాయి. మరుసటి ఏడాది నుంచి అది జట్ల నడకైంది. జట్టులో ఒకరు నడుస్తుంటే మిగతావాళ్లు కూర్చుంటారు, పడుకుంటారు. అంటే అక్కడ రాత్రంతా ఆగకూడనిది నడక, నడిచే మనిషి కాదు. వాలంటీర్లకూ అంతే. ఒకరి చేతిలో పని ఇంకొకరు అందుకోవాలి. కాబట్టి నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగండి: ‘నేను సాయంత్రం నుంచి పదకొండింటి దాకా ఉంటాను, ఆ తర్వాత నా చోటికి ఎవరొస్తారు?’ అని.

ఇక పని సంగతి. మీ ఎడమ చేతిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి. గ్రంథులు తీసేసిన చేతిలో లింఫ్ ద్రవం సరిగ్గా వెనక్కి వెళ్లలేక వాపు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ చేత్తో అసలు బరువే ఎత్తకూడదని పాతరోజుల్లో చెప్పేవాళ్లం. ఇప్పుడలా చెప్పడం లేదు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటూ పెంచిన బరువు ఆ చేతికి చెడు చేయదు. అలవాటు లేకుండా ఒక్కసారిగా నీళ్ల క్యాన్లు, బల్లలు మోయడమే వద్దు. పేర్లు రాసుకోవడం, చుట్లు లెక్కపెట్టడం, నీళ్ల గ్లాసులు అందించడం మీకు సరిపోతాయి. చేతికి బిగుతు తొడుగు వాడమని మీ డాక్టర్ ఇదివరకే చెప్పి ఉంటే ఆ రాత్రీ వేసుకోండి.

చాలాచోట్ల చీకటి పడ్డాక కాగితపు సంచుల్లో దీపాలు పెడతారు. అవి వెలిగించే పని ఇంకొకరికి వదిలేయండి. ఆ చేయి కొంచెం కాలినా, చిన్న గీత పడినా ఇన్‌ఫెక్షన్ త్వరగా పాకుతుంది. మరుసటి రోజు చేయి ఎర్రబడి, వేడిగా అనిపించి, జ్వరం తగిలితే ఆరోజే డాక్టర్‌కు చూపించాలి.

పాదాల గురించి నాకు ఎక్కువ బెంగగా ఉంది. కీమో వల్ల నరాలు దెబ్బతిని వచ్చిన తిమ్మిరికి షుగర్ కూడా తోడైతే నొప్పి సరిగ్గా తెలియదు. నా దగ్గరికొచ్చే ఒకావిడ ఇలాగే ఓ కార్యక్రమంలో నాలుగు గంటలు కొత్త బూట్లతో తిరిగారు. ఇంటికెళ్లి సాక్సు లాగితే మడమకు అతుక్కుని రాలేదట. బొబ్బ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చితికిందో ఆవిడకు తెలియనే లేదు. ఆ పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. మీరు బాగా అలవాటైన బూట్లే వేసుకోండి. ఇంకో జత సాక్సులు సంచిలో పెట్టుకోండి. రెండు గంటలకోసారి విప్పి, పాదం అడుగు భాగం కూడా వెలుతురులో చూసుకోండి. మీకు కనిపించకపోతే పక్కవారిని చూడమనండి, ఇందులో సిగ్గేం లేదు.

గ్లిమెపిరైడ్ వేసుకుని తిరుగుతూ భోజనం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది. నడక ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా ఉంటుంది. వేళకు తినండి, గ్లూకోమీటర్ దగ్గర ఉంచుకోండి. చెమటలు, వణుకు, కంగారు అనిపిస్తే వెంటనే పరీక్షించుకోండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోండి. ఆ రోజుకు డోసు మార్చాలా అన్నది మీ షుగర్ డాక్టర్‌నే అడగండి, మీరుగా మాత్ర మానొద్దు. టామాక్సిఫెన్ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును కొంత పెంచుతుంది. అందుకని గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రాత్రంతా ఉంటానని మీరు పట్టుబడితే ఆ మధ్యాహ్నమే గంటన్నర పడుకోండి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య ఒళ్లు బాగా సోలిపోతుంది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవారి చురుకుదనంతో సమానమని పరీక్షల్లో తేలింది. పొద్దున్నే మీరు బండి నడపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఆ దీపాల సంచుల మీద పేర్లుంటాయి. చనిపోయినవారివి, ఇంకా వైద్యంలో ఉన్నవారివి. లైట్లన్నీ ఆర్పేసి, ఆ పేర్లు చదువుతుంటే అందరూ మాట్లాడకుండా నడుస్తారు. మీతో పాటు కీమో వార్డులో కూర్చున్న మనిషి పేరు అక్కడ కనిపించొచ్చు. ఆవిడ పోయింది, నేనెందుకు మిగిలానన్న ఆలోచన మెడ పట్టుకుంటుంది. ఈ మాట నాతో చాలామంది అన్నారు, కొందరు రెండు మూడేళ్ల తర్వాత అన్నారు. ఏడుపొస్తే ఏడవండి. ఆ సమయానికి మాత్రం డ్యూటీ పెట్టించుకోకండి, ఒంటరిగానూ ఉండకండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రాహారాలు చెడితే కౌన్సెలర్‌ను కలవండి.

ఆ రోజు మీకు జలుబో జ్వరమో ఉంటే మానేయండి. కీమో నడుస్తున్నవాళ్లు అక్కడికి వస్తారు, వాళ్లకు మీ జలుబు కూడా ప్రమాదమే.

మీవారిని రాత్రి మిమ్మల్ని తీసుకెళ్లడానికి కాదు, సాయంత్రమే రమ్మనండి. చాలాచోట్ల మొదటి చుట్టు జబ్బు నుంచి బయటపడినవారు నడుస్తారు. ఆ తర్వాత వాళ్లను కనిపెట్టుకుని ఉన్నవారు వచ్చి కలుస్తారు. ఆ చుట్టులో ఆయనకూ చోటుంది.