అమ్మానాన్నలకు జర్మనీ కోట చూపించాలంటే బస్సు టూరా, రైలా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. చదువుకోవడానికి మ్యూనిక్ వచ్చి ఆరు నెలలు దాటింది. సెప్టెంబరులో అమ్మానాన్న మూడు వారాలు ఉండిపోవడానికి వస్తున్నారు. వాళ్లకు నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూపించాలని ఉంది. గైడుతో ఒక్క రోజులో తిప్పి తెచ్చే బస్సు టూర్ తీసుకోవాలా, రైల్లో మేమే పోవాలా? డబ్బు ఎక్కువైనా గైడ్ ఉంటే టెన్షన్ ఉండదని స్నేహితులు అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న వచ్చేసరికి నేనూ ప్రొద్దుటూరులోనే ఉన్నాను. జర్మనీలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాను. బయట ఎండ మండిపోతోంది, మా నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు. నీ ప్రశ్న ఆయనకు చదివి వినిపిస్తే "ముందు టికెట్టు సరిగ్గా చదవమను" అన్నాడు. ఎందుకన్నాడో కింద చెబుతాను.

వీసా, దానికి కావాల్సిన ఇన్సూరెన్స్, ఎన్ని రోజులు ఉండొచ్చనే లెక్క, వీటి గురించి నేను రాయను. కాన్సులేట్ వాళ్లు వివరంగానే పెట్టారు, చూసుకో. నేను చెప్పేది డబ్బు సంగతి. జర్మనీకి కొత్తగా వచ్చిన మన పిల్లలు పెద్ద ఖర్చులకు భయపడతారు గానీ, ఇలాంటి ఒక్క రోజు ఖర్చుల దగ్గర కళ్లు మూసుకుని కార్డు గీస్తారు. నేనూ అదే చేశాను.

2014 అక్టోబరులో నేను చదువుకు వచ్చినప్పుడు, వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 8,040 యూరోలు చూపించాలి. అందులోంచి నెలకు 670 మాత్రమే చేతికొస్తుంది. మీకిప్పుడు 11,904, అంటే నెలకు 992. ఆ డబ్బు కోసం మా నాన్న బ్యాంకు లోను కాక, అమ్మ గాజులు కూడా కుదువ పెట్టాడు. ఆయన అప్పుడు మన ఊర్లో ఒక బట్టల అంగడిలో గుమాస్తా. జీతం నెలకు తొమ్మిది వేలు.

డిసెంబరులో క్లాసులో వాళ్లంతా కోటకు పోతున్నారని నేనూ పేరిచ్చాను. బస్సుకు 49 యూరోలు. కోట లోపలికి పోవడం కూడా అందులోనే అనుకున్నాను. కాదు. నోయ్‌ష్వాన్‌స్టైన్‌కు, దారిలో లిండర్‌హోఫ్ కోటకు టికెట్లు వేరే. రెండూ కలిపి మరో 20 దాకా అయ్యాయి. బస్సులో డబ్బు వసూలు చేస్తుంటే నా దగ్గర నోట్లు చాలక పక్కనున్న అమ్మాయి దగ్గర అప్పు అడిగాను. కోట కింద హోటల్లో సూపు, రొట్టె, టీ. రాత్రి గదికి వచ్చి లెక్క వేస్తే దాదాపు 90 యూరోలు. అప్పట్లో యూరో 80 రూపాయలకు కాస్త అటూ ఇటూ. అంటే ఏడు వేల పైచిలుకు. నాన్న నెలంతా నిలబడి బట్టలు చింపితే వచ్చే డబ్బులో ముప్పావు వంతుకు పైగా నేను ఒక్క రోజులో ఖర్చు పెట్టాను. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి కూడా కోటకు పోయిన మాట చెప్పలేదు.

అంత డబ్బూ పోసి కొన్నదేమిటో వినండి. బస్సులో గైడ్ మైకులో ఇంగ్లీషులో కథలు చెప్పాడు. బాగానే చెప్పాడు. కొండ కిందికి చేరాక మా చేతుల్లో టికెట్లు పెట్టి, ఇన్ని గంటలకు ఇక్కడికే రండి అని ఉండిపోయాడు. కోట లోపల తిప్పింది కోట వాళ్ల సొంత గైడ్. నోయ్‌ష్వాన్‌స్టైన్‌ లోపల ఎవరూ వాళ్లంతట వాళ్లు తిరగడానికి లేదు. టికెట్ మీద వేసిన సమయానికి, వాళ్ల గైడ్ వెంట, గుంపుగా పోవాలి. సుమారు అరగంట. ఆ గైడ్ ఖర్చు కోట టికెట్‌లోనే ఉంది. కాబట్టి "గైడ్ కోసం" బస్సు టూర్ తీసుకుంటే గైడుకు రెండుసార్లు కట్టినట్టే. ఈ ముక్క నీ స్నేహితులకూ చెప్పు.

ఇంకో విషయం నువ్వే ఆలోచించు. మీ అమ్మానాన్నలకు ఇంగ్లీషు వచ్చా? రాకపోతే పది గంటల టూర్‌లో వాళ్లు వినేది ఏముంది? మైకులో ఆయన చెబుతుంటే నువ్వు వాళ్ల చెవిలో తెలుగులో చెప్పుకుంటూ పోవాలి. ఆ పని రైల్లో కూర్చుని తీరిగ్గా చేయొచ్చు.

అలాగని రైలు దగ్గర నేను దెబ్బ తినలేదనుకోకు. 2015 నవంబరులో నలుగురు స్నేహితులం కలిసి బాయర్న్ టికెట్ కొన్నాం. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద రోజంతా బవేరియాలో, అంటే మ్యూనిక్ ఉన్న రాష్ట్రంలో, లోకల్, రీజినల్ రైళ్లలో తిరగొచ్చు, ఫ్యుస్సెన్‌లో దిగాక కోట ఊరికి పోయే బస్సుకూ అదే చెల్లుతుంది. మంచి బేరం. మేం పొద్దున ఏడింటి రైలెక్కాం. అది బుధవారం. శని ఆదివారాలు, సెలవు రోజులు తప్ప మామూలు రోజుల్లో ఆ టికెట్ తొమ్మిది దాటాకే చెల్లుతుందని టికెట్ మీదే రాసి ఉంది. జర్మన్‌లో ఉందని చదవలేదు. తనిఖీకి వచ్చినాయన ఒక్కొక్కరికి 60 యూరోలు రాశాడు. నా వాటా కట్టడానికి మూడు వారాలు రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు సర్దే పని చేశాను. ఆ రోజు కోటకు చేరాక, ఆ పూట టికెట్లన్నీ అయిపోయాయన్నారు. బయటి గోడలు చూసి వచ్చాం.

మీకు ఫోన్లో అన్నీ ఉన్నాయి, భాష రాకపోతే కెమెరా పెడితే చదివి చెబుతుంది. అయినా చదవరు. మా కాలానికీ మీ కాలానికీ ఇందులో తేడా కనిపించలేదు నాకు.

ఇక 2018. ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది, అమ్మ గాజులు ఆ సంక్రాంతికే విడిపించాను, గర్వంగా అమ్మానాన్నల్ని పిలిపించాను. ఈసారి అన్నీ తెలుసనుకున్నాను. కోట టికెట్లు ముందే బుక్ చేశాను, సమయం మధ్యాహ్నం 2:10. తొమ్మిది దాటాకే రైలెక్కాం. రెండు గంటల ప్రయాణం. నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఆవుల్ని లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. కింద ఊరి నుంచి కోటకు ఎక్కుడు దారి, మామూలుగా నడిచేవాళ్లకే అరగంట నుంచి నలభై నిమిషాలు. అమ్మకు మోకాళ్ల నొప్పి. అందుకని పైకి పోయే చిన్న బస్సెక్కాం. ఆ బస్సు కోట గుమ్మంలో దించదని నాకు తెలియదు. మారియెన్‌బ్రూకె అనే వంతెన దగ్గర దించుతుంది, అక్కడి నుంచి కిందికి పావుగంట నడవాలి. గుర్రబ్బండి ఎక్కినా అంతే, అదీ కోటకు కాస్త కిందే ఆగుతుంది.

వంతెన మీద నిలబడి నాన్న కదల్లేదు. కింద లోయలో నీళ్లు దూకుతున్నాయి, ఎదురుగా తెల్లటి కోట. "మన గండికోట కాడ పెన్న ఇట్లనే కదరా లోయలో పోయేది" అన్నాడు. జమ్మలమడుగులో మా మేనత్త ఇల్లు, చిన్నప్పుడు ఎన్నిసార్లు పోయామో గండికోటకు. ఆ మాటల్లో పడి సమయం చూసుకోలేదు. అమ్మను నెమ్మదిగా నడిపించుకుంటూ గేటు దగ్గరికి చేరేసరికి 2:16. బోర్డు మీద మా గుంపు నంబరు పోయి తర్వాతి నంబరు వచ్చింది. టికెట్ పెడితే గేటు తెరుచుకోలేదు. సమయం దాటితే టికెట్ పనికిరాదు, డబ్బూ తిరిగి రాదు. "ముందు టికెట్టు సరిగ్గా చదవమను" అని నాన్న అన్నది ఇందుకే.

కోట ముంగిట్లో రాతి మీద కూర్చున్నాం. "ఏమిరా, ఇంత దూరమొచ్చి వాకిలి కాడ కూర్చుంటిమి" అంది అమ్మ. కోపం కాదు, బాధ. తెచ్చుకున్న చిత్రాన్నం తీసి పంచింది. తింటూ ఆ రాజు కథ వాళ్లకు చెప్పాను. రెండో లుడ్విగ్ అని బవేరియా రాజు. 1869లో ఈ కోట పని మొదలుపెట్టాడు. గండికోటలాగా శత్రువుల కోసం కట్టింది కాదు. కోటలతో యుద్ధాలు చేసే కాలం అప్పటికే పోయింది. పాత కాలపు వీరుల కథలు, వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడి సంగీత నాటకాలు అంటే ఆయనకు పిచ్చి ప్రేమ, ఆ లోకాన్ని రాళ్లతో కట్టించుకోవాలనుకున్నాడు. సర్కారు ఖజానా కాదు, సొంత డబ్బు, ఆ పైన అప్పులు. ఒకటి పూర్తికాక ముందే ఇంకోటి: లిండర్‌హోఫ్, హెరెన్‌కీమ్‌సే. 1885 నాటికి అప్పు 1 కోటి 40 లక్షల మార్కులు. మరుసటి ఏడు జూన్‌లో ఆయనకు మతి స్థిమితం లేదని మంత్రులు పదవి నుంచి దించి, ఈ కోటలోంచే తీసుకుపోయారు. ఆ మర్నాడు, 1886 జూన్ 13న, స్టార్న్‌బర్గ్ సరస్సులో ఆయన శవం, వెంట ఉన్న వైద్యుడి శవం దొరికాయి. ఎలా పోయారో ఇప్పటికీ తేలలేదు. అంతా కలిపి ఆయన ఈ కోటలో ఉన్నది 172 రోజులు. చనిపోయిన ఏడు వారాలకే, ఆగస్టు 1న, డబ్బు తీసుకుని జనానికి చూపించడం మొదలుపెట్టారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ లోను ఇంకా ఎంతుంది?" అని అడిగాడు. అప్పటికి నాలుగు లక్షలు మిగిలి ఉంది. 2019 డిసెంబరులో ఆఖరి వాయిదా కట్టి మొదట ఆయనకే ఫోన్ చేశాను.

2022లో మళ్లీ వచ్చినప్పుడు సమయానికి గంట ముందే గేటు దగ్గర ఉన్నాం. లోపల మెట్లు చాలా ఉన్నాయి, ఎక్కేవీ దిగేవీ కలిపితే 300 దాటతాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ముందే చెప్పు. అమ్మ ఓపిగ్గా ఎక్కింది. సింహాసనం గదిలో పైన కిరీటంలాంటి దీపాల గుత్తి, కింద చిన్న చిన్న రాళ్లు పొదిగిన నేల, గోడల నిండా బంగారు రంగు. మధ్యలో మాత్రం ఖాళీ. "కుర్చీ యాడరా?" అన్నాడు నాన్న. అది చేయించే లోపే రాజు పోయాడు. అమ్మకు నచ్చింది వంటిల్లు. ఆ కాలంలోనే కొళాయిల్లో వేడి నీళ్లు, చల్ల నీళ్లు. మాంసం కాల్చే చువ్వలు పొయ్యి వేడికే తిరుగుతాయి. చుట్టుపక్కల గుంపు కదిలిపోయినా ఆమె అక్కడే నిలబడింది. లోపల ఫోటోలు తీయనివ్వరు, అందుకని ఆ వంటిల్లు ఎలా ఉందో ఇప్పటికీ ఇరుగుపొరుగు వాళ్లకు చేతులతో చూపించి చెబుతుంటుంది.

కాబట్టి నా మాట: రైల్లోనే పో. బస్సు టూర్ రెండు సందర్భాల్లోనే మేలు. పెద్దవాళ్లు రైళ్లు మారలేకపోతే, లేదా లిండర్‌హోఫ్ కూడా అదే రోజు చూడాలనుంటే. అది అడవి మధ్యలో ఉంది, రైలు, బస్సు పట్టుకుని ఒకే రోజు రెండూ చూడటం కష్టం. అప్పుడు కూడా కట్టే ముందు రెండు విషయాలు అడుగు: కోట టికెట్లు ఆ ధరలో ఉన్నాయా, లోపలికి పోయే సమయం వాళ్లే ఖాయం చేస్తారా. ఒకదానికి "లేదు" అన్నా ఆ డబ్బు కట్టొద్దు. డబ్బు లేకపోతే క్రెడిట్ కార్డు మీద అసలే తీసుకోవద్దు. కోట ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చూపించు. మీ అమ్మానాన్న నువ్వు వండి పెట్టిన అన్నం తిని, నీ గది చూసి, నువ్వు చదివే బడి ముందు నిలబడి ఫోటో దిగినా సంతోషపడతారు.

2025 జూలైలో లుడ్విగ్ కోటలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. జనం ఇంకా ఎక్కువ రావొచ్చు, అందుకని టికెట్లు ఇంటి నుంచే కొను, తేదీ ఖాయమైన రోజే కొను. సమయం మధ్యాహ్నం రెండున్నర తర్వాతిది తీసుకో. పైకెక్కే బస్సు మంచు పడితే నడవదు, వంతెన కూడా మూసేస్తారు, సెప్టెంబరులో ఆ భయం తక్కువే. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, చేతి సంచీ చాలు. గుర్రబ్బండికి, టాయిలెట్లకు చిల్లర నోట్లు, నాణేలు దగ్గర పెట్టుకో. తిండి ఇంటి నుంచే తీసుకుపో. ఆదివారం అంగళ్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే సరుకులు తెచ్చి పెట్టుకో. నాన్నకు చెప్పులు కాకుండా బూట్లు వేయించు.

నీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే అది నీ ఒక్కడికే. అమ్మానాన్నలకు మాత్రం ఇద్దరి బాయర్న్ టికెట్ తీసుకుంటే చాలు, ముగ్గురికి కొనొద్దు. రైలెక్కక ముందే వాళ్లిద్దరి పేర్లూ ఆ టికెట్ మీద రాయి.