ఆరాధనలో పిల్లలు తల్లిదండ్రుల పక్కనే కూర్చోవాలా, సండే స్కూల్‌కి వెళ్లాలా?

ఆరాధనకు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడమే మేలని నా గట్టి నమ్మకం. సండే స్కూల్ (పిల్లలకు విడిగా జరిగే బైబిల్ తరగతి) వద్దని కాదు, దాన్ని వేరే సమయంలో పెట్టుకోవచ్చు.

బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో యాజకుడైన ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు స్త్రీ పురుషులతో పాటు గ్రహించగలిగిన వాళ్లందరూ అక్కడ ఉన్నారు. ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో (ఎఫెసీయులకు 6:1) అపొస్తలుడైన పౌలు "పిల్లలారా" అని నేరుగా పిలిచాడు. అంటే ఆ ఉత్తరాన్ని సంఘంలో చదువుతుంటే పిల్లలు కూడా వింటారనుకునే రాశాడన్నమాట. సండే స్కూల్ ఉద్యమం చాలా తర్వాతి సంగతి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ తన బడి పెట్టింది వారమంతా పనికి వెళ్లే పేద పిల్లలకు చదువు చెప్పడానికి.

ఇక ఆచరణకు వస్తే, నాలుగేళ్ల పాప గంటసేపు కదలకుండా కూర్చోదు. ఆ టెన్షన్ తల్లికే ఎక్కువ. అందుకే అలవాటు ఇంట్లో మొదలవ్వాలి. రోజూ రాత్రి పది నిమిషాలు చాలు: ఒక పాట, నాలుగైదు వచనాలు, చిన్న ప్రార్థన. ఆదివారం పాడబోయే పాట ముందే వచ్చి ఉంటే పాప కూడా నోరు విప్పి పాడుతుంది. ఏడిస్తే కాసేపు బయటికి తీసుకెళ్లి, ఊరుకున్నాక మళ్లీ తీసుకురండి. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి గుర్రుగా చూడకపోవడం పెద్ద సాయం. పాస్టర్ గారు ప్రసంగంలో రెండు మాటలు పిల్లలకోసమే చెబితే ఇంకా మంచిది.

ఒకటి మాత్రం మరవొద్దు. ఒంటరిగా వచ్చేవాళ్లు, అమ్మానాన్నలు రాని పిల్లలు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లను ఏదో ఒక కుటుంబం పిలిచి తమ వరుసలో కూర్చోబెట్టుకోవాలి.