మిలిటరీలో పనిచేసిన ఆడవాళ్ళతో ఇంటర్వ్యూ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుంది. గెస్టులు ఎక్కడ దొరుకుతారు, ఏం అడగాలి, ఏ మైక్ కొనాలి?

మీరడిగినలాంటి పాడ్‌కాస్టే నేను రెండేళ్ళ నుంచి చేస్తున్నా, తెలుగులోనే, 27 ఎపిసోడ్లయ్యాయి. వినేవాళ్ళు మరీ అంతమందేం లేరు కాబట్టి నన్ను పెద్ద ఎక్స్‌పర్ట్ అనుకోకండి. మైక్ సంగతి చివర్లో చెప్తా, ఎందుకంటే నేను దాంతోనే మొదలెట్టా, పన్నెండు వేలు పోసి కొన్న మైక్ ఇప్పుడు అటక మీదుంది.

మేముండేది సికింద్రాబాద్ దగ్గర అల్వాల్. సైనిక్‌పురి, తిరుమలగిరి అన్నీ దగ్గరే, ఇటు ఏ వీధిలో చూసినా ఆర్మీలో చేసినవాళ్ళు ఒకరైనా ఉంటారు, అయినా మొదటి నెలంతా నాకు ఒక్కరు కూడా దొరకలేదు. దొరకరు కూడా, ఎందుకంటే నేను వాచ్‌మన్‌ని "కల్నల్ గారి ఇల్లెక్కడ" అని అడిగి, బెల్ కొట్టి, తలుపు తీసిన పెద్దాయనతో మాట్లాడేసి వచ్చేదాన్ని. ఒకింట్లో అయితే అలాగే కూచుని, సార్ మీ యూనిట్‌లో లేడీ ఆఫీసర్లెవరైనా ఉండేవారా అని అడుగుతున్నా, ఆయనా సరదాకి ఊ కొడుతున్నారు, ఈలోగా టీ తెచ్చిన ఆవిడకి థ్యాంక్స్ ఆంటీ అని కూడా అన్నా. అప్పుడు నవ్వారాయన. "నేను బ్యాంకులో చేసానమ్మా, కల్నల్ ఆవిడ" అన్నారు. ఆవిడే నా మొదటి గెస్టు. ఇప్పటికీ ఫోన్ చేస్తే "చెప్పండి, ఆంటీని మాట్లాడుతున్నా" అంటారు.

ఒక్కరు దొరికితే చాలు, మిగతాది వాళ్ళ కోర్స్‌మేట్లు, అంటే కలిసి ట్రైనింగ్ చేసినవాళ్ళు, చూసుకుంటారు. 1992లో ఆర్మీ డాక్టర్లు, నర్సులు కాకుండా వేరే బ్రాంచిల్లోకి కూడా ఆడవాళ్ళని తీసుకోవడం మొదలుపెట్టింది, చెన్నైలో ఆఫీసర్లకి ట్రైనింగిచ్చే అకాడమీ ఓటీఏలో ట్రైనింగ్, మొదట్లో ఐదేళ్ళ సర్వీసే. ఆ తొలి బ్యాచిల వాళ్ళకి ఒకరికొకరు ఎంత తెలుసంటే పెళ్ళిళ్ళు, పిల్లల చదువులు, మోకాలి ఆపరేషన్లు అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో నడుస్తుంటాయి, మీరు ఒకరితో మర్యాదగా ఉన్నారని తెలిస్తే మిగతావాళ్ళ నంబర్లు అవే వస్తాయి.

నర్సుల్ని మాత్రం వదిలేయొద్దు, ప్లీజ్. అందరూ యూనిఫాం, గన్, ఫైటర్ జెట్ అంటూ పరిగెడతారు గానీ మన ఆర్మీలో ఆడవాళ్ళు అడుగుపెట్టిందే నర్సులుగా, 1888లో బ్రిటిష్ వాళ్ళ సైనిక ఆసుపత్రుల కోసం పదిమంది నర్సులు బొంబాయిలో దిగారు, 1926లో మిలిటరీ నర్సింగ్ సర్వీస్ అయింది. వీళ్ళూ భుజం మీద స్టార్లున్న ఆఫీసర్లే. నేను మాట్లాడినావిడ ఒకరు "మా అక్క కొడుకు కూడా నన్ను మిలిటరీ అనడు, ఆస్పత్రిలో పిన్ని అంటాడు" అన్నారు. నా ఎపిసోడ్లలో ఎక్కువమంది విన్నది ఆవిడదే.

ఏం అడగాలి అంటే, "ఆడవాళ్ళు కదా, కష్టంగా అనిపించలేదా", "భయం వేయలేదా" ఈ రెండూ అడక్కండి, వాళ్ళకి బట్టీ వచ్చేసిన జవాబులు ఉంటాయి. 2017లో ఆరుగురు నేవీ ఆఫీసర్లు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చారు, వాళ్ళలో మన వైజాగ్ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు, తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ పాడై మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. నాకైతే ఆ స్టీరింగ్ గురించి ఒక గంట వినాలనుంటుంది. పని గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి లేచేవారు, టేబుల్ మీద ఏముండేది, మొదటి రోజు యూనిట్‌లో ఎక్కడ కూచోబెట్టారు, ఇలా. ఒకావిడ ఇదే ప్రశ్నకి, ఆ ఆఫీసుకి తనే మొదటి లేడీ ఆఫీసర్ కాబట్టి రాత్రికి రాత్రి ఒక బాత్రూం ఖాళీ చేసి తలుపు మీద పెయింటుతో "లేడీ ఆఫీసర్" అని రాయించారని, తను పోస్టింగ్ మీద వెళ్ళిపోయిన మూడేళ్ళకి కోర్స్‌మేట్ అటు వెళ్తే ఆ అక్షరాలు అలాగే ఉన్నాయని, లోపల పెయింట్ డబ్బాలు పెట్టుకున్నారని చెప్పారు. భయం వేసిందా అని అడిగుంటే ఇది వచ్చేదా?

ఇంకోటి, బయటికి ఎలా వచ్చారో తప్పక అడగండి. మొదట్లో ఐదేళ్ళన్న సర్వీసు తర్వాత పద్నాలుగేళ్ళదాకా పెరిగింది గానీ ఆఫీసర్లకి పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ళు ఉండాలి, అంటే చాలామంది నలభై దగ్గర పడుతుండగా పిల్లలతో బయటికొచ్చి కొత్త ఉద్యోగం వెతుక్కున్నవాళ్ళే. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా సర్వీసు, ఇవ్వాల్సిందే అంది, అది కొందరికి అందింది, కొందరు అప్పటికే వచ్చేసారు. ఒకావిడ "మా ఏసీఆర్‌లు ఎవరూ మనసు పెట్టి రాయలేదు, ఎలాగూ పోయేవాళ్ళం కదా" అన్నారు. ఏసీఆర్ అంటే ఏటా పైఆఫీసర్ రాసే పనితీరు రిపోర్టు. నేను అది ఆవిడ బాధ అనుకున్నా, తర్వాత చూస్తే 2021 మార్చి తీర్పులో కోర్టు కూడా దాదాపు అదే రాసింది. ఆ తీర్పులు చదివి వెళ్ళండి, చదివారని తెలిస్తే మాట్లాడే తీరే మారిపోతుంది.

సర్వీసులో ఉన్నవాళ్ళ జోలికి పోవద్దు, పర్మిషన్ లేకుండా వాళ్ళు మాట్లాడకూడదు, మీవల్ల వాళ్ళకి ఇబ్బంది. రిటైరైనవాళ్ళతో కూడా ఏ యూనిట్ ఎక్కడుండేది లాంటివి నేను అడగను, నోరుజారి చెప్పినా కట్ చేస్తా. ఎడిట్ అయ్యాక గెస్టుకి పంపి, సరే అంటేనే వేస్తా. ఒకసారి ఒకావిడ తన సీనియర్ గురించి చెప్పిన నలభై నిమిషాలు తీసేయమన్నారు, ఎపిసోడ్‌లో అసలు దమ్మున్నది అదే, నాకు ఏడుపొచ్చింది, తీసేసా.

ఇక మైక్. రెండు కాలర్ మైకులు, పక్కన మీ ఫోన్లో ఇంకో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకోండి, నాకు ఒక ఎపిసోడ్ మొత్తం మెమరీ కార్డులోంచి పోయాక నేర్చుకున్నా. ఫ్యాన్ ఆపాలి, ఎండాకాలం అయితే పొద్దున ఏడింటికే వెళ్ళండి, ఆర్మీ వాళ్ళు కదా, ఆ టైంకి వాళ్ళ వాకింగ్ కూడా అయిపోయుంటుంది. వంటింట్లో కుక్కర్ పెట్టారేమో ముందే కనుక్కోండి.