డిశ్చార్జి అయ్యాక ఇంటికి చేరే బండి: రసీదు, టోలు, టాటా ఏస్

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. 68 ఏళ్ల మా అమ్మకు తుంటి ఎముక విరిగితే విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా డబ్బుతోనే ఆపరేషన్ చేయించాము. డిశ్చార్జి నాడు 108కి ఫోన్ చేస్తే, ఇంటికి దించడానికి బండి పంపరని చెప్పారు. మా ఊరి నుంచి మాట్లాడి తెచ్చుకున్న అంబులెన్సును ఆసుపత్రి గేటు దగ్గరే ఆపేసి, తమ అంబులెన్సులోనే వెళ్లాలన్నారు. 14,000 రూపాయలు ఫోన్‌పేలో డ్రైవరుకు పంపించాను. అందులో ఆక్సిజన్‌కు 1,500, టోలుకు 600 అని నోటిమాటగా చెప్పారు. దారిలో అమ్మకు ఆక్సిజన్ పెట్టనే లేదు. రసీదు అడిగితే అంబులెన్సుకు రసీదులు ఉండవన్నారు. బయలుదేరే ముందు ‘మా సొంత బాధ్యతపై తీసుకువెళ్తున్నాము’ అని రాసిన కాగితం మీద నా చేత సంతకం చేయించుకున్నారు. ఈ డబ్బులో కొంతైనా తిరిగి వస్తుందా? వచ్చే నెల మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్నారు. పక్కింటివారి టాటా ఏస్‌లో పరుపు వేసి అమ్మను తీసుకువెళ్లవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే జరిగిపోయిన దాని గురించి తీరికగా పోరాడవచ్చు గానీ జరగబోయే ప్రయాణంలో పొరపాటు జరిగితే దిద్దుకోలేము. మీ అమ్మగారిని దయచేసి టాటా ఏస్‌లో తీసుకువెళ్లవద్దు. అది సరుకు రవాణా వాహనం. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుడికి ప్రమాదం జరిగితే పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో స్పష్టం చేసింది. అటువంటప్పుడు పరిహారం భారమంతా బండి యజమాని మీద, అంటే మీకు సాయం చేయడానికి ముందుకు వచ్చిన ఆ పక్కింటివారి మీదనే పడుతుంది. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం, ఆపరేషన్ అయిన తండ్రిని నులక మంచంతో సహా ఇలాగే సరుకు ఆటోలో ఎక్కించి తీసుకువస్తుండగా మలుపులో బండి పక్కకు ఒరిగి, ఆయన రెండో కాలు కూడా విరిగింది. బీమా కంపెనీ చేతులెత్తేసింది. ఆటో యజమాని వాళ్ల సొంత మేనమామ. ఆయన మీద కేసు వేయలేక, వైద్యం ఖర్చు భరించలేక ఆ కుటుంబం పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొందరు ‘రోగిని తీసుకువెళ్లే బండిని ఎవరూ ఆపరు, చట్టంలో మినహాయింపు ఉంది’ అంటూ ఉంటారు. మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్‌లో అటువంటి మినహాయింపు ఉన్నమాట నిజమే గానీ, అది అత్యవసర పరిస్థితిలో రోగినో క్షతగాత్రుడినో తరలించినప్పుడు మాత్రమే వర్తిస్తుంది, ఆ తరువాత ఏడు రోజులలోపు రవాణా అధికారికి తెలియజేయాలన్న షరతు కూడా దానితోనే ఉంది. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లడం గానీ, నెల తరువాత చూపించుకోవడానికి వెళ్లడం గానీ అత్యవసరం కిందికి రావు. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారును కిరాయికి మాట్లాడుకున్నా ఇదే చిక్కు వస్తుంది, ఎందుకంటే సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి ప్రయాణాన్ని కవర్ చేయదు. బంధువులు డబ్బు తీసుకోకుండా తమ కారులో తీసుకువెళితే అది వేరే విషయం, అందులో తప్పేమీ లేదు.

108 విషయంలో మాత్రం మీకు అన్యాయం జరగలేదనే చెప్పాలి. ఆ సేవ ఉన్నది ప్రాణాపాయంలో ఉన్నవారి కోసం. ఒక బండి మీ అమ్మగారిని దించడానికి నరసన్నపేట దాకా వచ్చి వెళ్లే ఆ కొన్ని గంటలలో మరొకరికి గుండెపోటు రావచ్చు. ప్రభుత్వం ఉచితంగా ఇంటికి దించే ఏర్పాటు ప్రధానంగా బాలింతలకు ఉన్నది. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని, బిడ్డను ఇంటికి చేర్చడం వారి హక్కు, మన రాష్ట్రంలో అది తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాల ద్వారా జరుగుతోంది. ఇక ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ జరిగినవారికి తిరుగు ప్రయాణపు బస్సు ఛార్జీ కూడా ప్యాకేజీలోనే ఉంటుంది, దాన్ని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తీసుకోవాలి. మీరు సొంత డబ్బుతో వైద్యం చేయించుకున్నారు కనుక ఈ రెండూ మీకు వర్తించవు.

అందువల్ల మీ ప్రయాణం చట్టం దృష్టిలో మీరు డబ్బు పెట్టి కొనుక్కున్న ఒక సేవ. చాలామందికి ఈ మాట కాస్త నిరుత్సాహంగా అనిపిస్తుంది గానీ, నిజానికి మీ బలం అక్కడే ఉంది, ఎందుకంటే డబ్బు పెట్టి కొన్న సేవకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రి వైద్యం ఆ చట్టం కిందికే వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రవాణా అనే మాట ‘సేవ’ నిర్వచనంలోనే ఉన్నది.

ఇప్పుడు ఒక్కొక్క అంశమూ విడివిడిగా చూద్దాం. ఒక సేవ కావాలంటే మరొక సేవ కూడా మా దగ్గరే కొనాలని షరతు పెట్టడాన్ని ఆ చట్టంలోని 2(41) సెక్షన్ నిర్బంధ వ్యాపార పద్ధతిగా పేర్కొంటోంది. తమ ఆవరణలో బండ్లు ఎక్కడ నిలపాలి, ఎంతసేపు నిలపాలి అని నియంత్రించే అధికారం ఆసుపత్రికి ఉంది, కానీ నడవలేని రోగి కోసం వచ్చిన అంబులెన్సును గేటు దగ్గరే ఆపేసి, తమ బండి ఎక్కితేనే బయటకు పంపుతామనడం ఆ అధికారం కిందికి రాదు. ఇటువంటి సందర్భంలో ‘మా బండి ఎక్కకపోతే డిశ్చార్జి కాగితాలు ఇవ్వము’ అని ఎవరైనా అంటే మాత్రం వెంటనే గట్టిగా అభ్యంతరం చెప్పాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం బిల్లు తగాదాను సైతం సాకుగా చూపి రోగిని ఆసుపత్రిలో ఆపి ఉంచకూడదు. బిల్లుకే ఆపకూడనప్పుడు అంబులెన్సు కిరాయికి ఆపే ప్రశ్నే లేదు. అప్పటికప్పుడు 112కి ఫోన్ చేయవచ్చు.

డబ్బు విషయంలో మీకు అత్యంత బలమైన ఆధారం టోలు. విశాఖ నుంచి మీ ఊరికి వచ్చే దారిలో నాతవలస, మడపాం టోల్‌గేట్లు ఉన్నాయి, అయితే జాతీయ రహదారి రుసుముల నిబంధనలు, 2008 ప్రకారం అంబులెన్సుకు టోలు లేదు. కట్టని టోలుకు మీ దగ్గర 600 రూపాయలు తీసుకున్నారన్నమాట. ఒకవేళ నిజంగా కట్టి ఉంటే అది అంబులెన్సుగా నమోదు కాని వాహనమని అర్థం, అప్పుడు విషయం ఇంకా తీవ్రమవుతుంది. బండి నంబరు మీకు గుర్తుంటే ఎంపరివాహన్ యాప్‌లో వేసి చూడండి, అది ఏ తరగతి వాహనమో, బీమా, ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉన్నాయో అందులో కనిపిస్తాయి. పెట్టని ఆక్సిజన్‌కు 1,500 తీసుకోవడం కూడా ఇటువంటిదే. ‘సిలిండరు బండిలో సిద్ధంగా ఉంచాము’ అని వారు వాదించవచ్చు, కానీ ఆక్సిజన్ అవసరమని వైద్యుడు డిశ్చార్జి సమ్మరీలో రాయనప్పుడు ఆ వాదన నిలవడం కష్టం. ఇక రసీదు ఉండదన్న మాట పూర్తిగా తప్పు. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం 2(47) సెక్షన్‌లో చెప్పింది, పాత చట్టంలో ఈ నిబంధన లేదు. కొందరు బిల్లు ఇస్తే జీఎస్టీ కలపాలని భయపెడతారు. రోగిని అంబులెన్సులో తరలించే సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక ఆ భయానికి ఆధారం లేదు.

మిగిలిన 11,900 రూపాయల సంగతి మాత్రం మీకు ఆశ పెట్టకుండా చెబుతాను. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరులో, అంబులెన్సులకు సహేతుకమైన ధరలు నిర్ణయించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది గానీ అది కోవిడ్ రోగుల సందర్భంలో ఇచ్చినది. కిరాయి ఎక్కువైందన్న ఒక్క కారణంతోనే మొత్తం తిరిగి రాదు. మీ ఊరి నుంచి వచ్చిన అంబులెన్సు ఎంతకు ఒప్పుకున్నదో చూపగలిగితే, ఆ తేడాను ఆసుపత్రి నిర్బంధం వల్ల కలిగిన నష్టంగా అడగవచ్చు. ఆ డ్రైవరుతో వాట్సాప్‌లో మాట్లాడిన సందేశాలు చెరిపేయకుండా ఉంచండి, వీలైతే ఆయన చేత రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి.

సంతకం చేసిన కాగితం గురించి మీరు అంతగా దిగులు పడనవసరం లేదు. వైద్యుడు వద్దన్నా రోగిని తీసుకువెళ్లేవారి చేత రాయించుకునే పత్రం వేరు, వైద్యుడే డిశ్చార్జి చేసిన రోగి విషయంలో రాయించుకున్న పత్రం వేరు. మీ డిశ్చార్జి సమ్మరీలో ‘వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లారు’ అనే మాట ఉందేమో చూడండి, ఉంటే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. లేకపోతే ఆ చీటీ వారి నిర్లక్ష్యాన్ని గానీ అధిక వసూలును గానీ కప్పిపుచ్చలేదు. కేస్ షీటు నకలు కూడా అడగండి. రోగి అడిగిన 72 గంటలలో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది.

ఇక చేయవలసినది. ముందుగా ఆసుపత్రి యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపి, తేదీ, బండి నంబరు, ఫోన్‌పే లావాదేవీ సంఖ్య రాసి, బిల్లు ఇమ్మని, టోలు, ఆక్సిజన్ సొమ్ము తిరిగి ఇమ్మని పదిహేను రోజుల గడువు పెట్టండి. డబ్బు డ్రైవరు ఖాతాకు వెళ్లింది కనుక ఆ బండి తమది కాదని ఆసుపత్రి అనే అవకాశం ఉంది. అందుకే ఆ బండినే ఎక్కాలని చెప్పినది ఆసుపత్రి సిబ్బంది అనే విషయాన్ని, ఎవరు, ఏ సమయంలో, ఏ మాటలతో చెప్పారో ఇప్పుడే, జ్ఞాపకం చెదరకముందే, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫిర్యాదులో ఆసుపత్రిని, బండి యజమానిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. జవాబు రాకపోతే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఆసుపత్రి విశాఖలో ఉన్నది కదా అని మీరు విశాఖ వెళ్లనక్కరలేదు, ఫిర్యాదుదారు నివసించే చోటనే వేసే వెసులుబాటు కొత్త చట్టం 34వ సెక్షన్‌లో ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు.

మరొక మార్గం శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 22ఏ సెక్షన్‌లో చెప్పిన ప్రజోపయోగ సేవలలో ఆసుపత్రి సేవ, రోడ్డు రవాణా సేవ రెండూ ఉన్నాయి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే అదాలతే తీర్పు చెబుతుంది. అయితే అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదాన్ని మరో కోర్టుకు తీసుకువెళ్లడానికి వీలు లేదు, పైగా ఆసుపత్రి వేరే జిల్లాలో ఉండడం వల్ల పరిధి ప్రశ్న రావచ్చు. అందుచేత మీ విషయంలో నేను వినియోగదారుల కమిషన్‌నే ఎంచుకుంటాను. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కనుక ఫిర్యాదును మీ అమ్మగారి పేరుతోనే వేయండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కి ఫోన్ చేసినా సరిపోతుంది.

వచ్చే నెల ప్రయాణానికి ముందు ఆపరేషన్ చేసిన వైద్యుడికి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: అమ్మగారు కారులో కూర్చుని రావచ్చా, పడుకునే రావాలా, ఎక్స్‌రే శ్రీకాకుళంలో తీయించి పంపితే సరిపోతుందా. కూర్చోవచ్చు అంటే పసుపు ప్లేటు టాక్సీ చాలు. పడుకునే రావాలంటే, ప్రాణరక్షణ పరికరాలన్నీ ఉన్న పెద్ద అంబులెన్సు మీకు అవసరం లేదు. అంబులెన్సుల జాతీయ ప్రమాణాలలో ‘టైప్ బి’ అని, కేవలం స్ట్రెచర్ మీద రోగిని తరలించడానికే ఉద్దేశించిన తరగతి ఒకటి ఉంది, ఆ మాట చెప్పే బేరమాడండి. రానుపోను కిరాయి, ఆసుపత్రి దగ్గర ఆగే సమయానికి డబ్బు, స్ట్రెచర్ పట్టడానికి రెండో మనిషి వస్తారా లేదా అన్నవి బయలుదేరకముందే డ్రైవరు చేత వాట్సాప్‌లో రాయించుకోండి. మీ వీధి ఇరుకైనదైతే బండి ఎంతవరకు వస్తుందో, అక్కడి నుంచి గుమ్మం దాకా అమ్మగారిని ఎవరు మోయాలో కూడా అప్పుడే తేల్చుకోండి. డిశ్చార్జి సమ్మరీ అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకుని, డ్రైవరు అడిగితే జిరాక్సు మాత్రమే ఇవ్వండి.