రేపు ఎగురుతున్నాను!

సందేహం: ‘ఐయామ్ ఫ్లయింగ్ టుమారో. వెరీ ఎగ్జయిటెడ్, ఎ బిట్ నెర్వస్’ అన్న మాటల్ని మా మేనకోడలు ‘రేపు ఎగురుతున్నాను. చాలా ఉత్తేజితురాలినై ఉన్నాను. కొంచెం నెర్వస్‌గా ఫీలవుతున్నాను’ అని తెలుగులో రాసింది. ఎక్కడో అతకలేదనిపిస్తోంది. ఎలా రాయాలండీ?

సమాధానం: మీకు సరిగ్గానే అనిపించిందమ్మా. తెలుగులో పక్షి ఎగురుతుంది, గాలిపటం ఎగురుతుంది, విమానమూ ఎగురుతుంది. అందులో కూర్చున్న మనిషి మాత్రం ఎగరడు, విమానంలో వెళ్తాడు. మనిషి ఎగిరాడన్నామంటే చాలాసార్లు అతని మనసు సంగతి చెబుతున్నట్టే. సంతోషం పట్టలేక ఎగిరి గంతేస్తాడు, కోపమొస్తే ఎగిరెగిరి పడతాడు. ‘ఎక్కువ ఎగరకు’ అంటే పొగరు తగ్గించుకోమని. పొగడ్తలు విన్నవాడు గాల్లో తేలిపోతాడు.

ఇక ‘ఫీలవడం’. దీని మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. తెలుగులో ఒక్కో భావానికి ఒక్కో క్రియ అమరింది: భయం వేస్తుంది, కోపం వస్తుంది, జాలి కలుగుతుంది, ఆశ పుడుతుంది, దుఃఖం పొంగుకొస్తుంది. వీటన్నిటా కర్త భావమే. ‘నాకు భయం వేసింది’ అన్నప్పుడు నేను దానికి లోనైనదాన్ని, అంతే. నన్నే కర్తను చేయాలంటే ‘పడు’ ఉంది: భయపడ్డాను, కంగారుపడ్డాను, సంబరపడ్డాను. ఈ ‘పడు’కు అనుభవించడమని అర్థం, ‘కష్టపడు’లో ఉన్నదీ అదే. ఇంత సంపదను పక్కన పెట్టి అన్నిటికీ ఒక్క ‘ఫీలయ్యాను’ తగిలించడం నాకు బాధగా ఉంటుంది. పైగా వాడుకలో ఉత్త ‘ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడనే అర్థం స్థిరపడిపోయింది.

ఉత్తేజితం అంటే ఇంకొకరో, ఇంకొకటో రెచ్చగొట్టగా కదిలినది, ఇక్కడికి పనికిరాదు. ఎప్పుడెప్పుడా అని ఆగలేకపోతే ఆత్రం, చేసి చూడాలన్న కోరిక ఊరిస్తుంటే ఉబలాటం, ఆనందం పొంగుతుంటే సంబరం. నెర్వస్ కూడా ఒకటి కాదు. కొత్తవారి ముందు కలిగేది బెరుకు. ఏమవుతుందోనని లోపల తొలిచేది గుబులు. గుండెల్లో వినిపించేది దడ. ప్రయాణం ముందురోజుకు గుబులే తగినది.

‘రేపు విమానంలో వెళ్తున్నాను. ఒకటే సంబరంగా ఉంది, కాస్త గుబులుగానూ ఉంది’ అని రాయమనండి. విమానానికి బదులు ఫ్లైట్ అన్నా తప్పులేదు. టేకాఫ్, బోర్డింగ్ పాస్‌లనూ అలాగే ఉంచవచ్చు. టర్బులెన్స్‌కు మాత్రం ‘కుదుపులు’ ఉండనే ఉంది.