మార్చి 31 దాటింది కదా, ఇక చదువుకో

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఒక్క పుస్తకం పూర్తిచేసి ఏడాదైంది, ఇక చదవలేనేమో" అన్నావు. ఆ మాట నన్ను పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

పొద్దున్నే హాజరు ఫొటో, నర్సరీ మొక్కలు, చెత్త ట్రాక్టర్, సాయంత్రం రిపోర్టు పంపమని మండలం నుంచి మెసేజ్. ఏడాది చివర్లో, మార్చి 31లోపు ఇంటిపన్ను వసూళ్ల టెన్షన్. పంచాయతీ కార్యదర్శి ఏడాది ఎలా గడుస్తుందో నిన్ను చూసే తెలుసుకున్నాను. అసలు ఏడాదంతా నువ్వు చదువుతూనే ఉన్నావు బిడ్డా, కాకపోతే అన్నీ ఆర్డర్లు, సర్క్యులర్లు. 'ఇందులో నేను చేయాల్సిందేముంది' అని వెతుక్కునే చదువు అది. ఇప్పుడు కథ పట్టుకున్నా నీ కళ్లు అదే వెతుకుతున్నాయి. దొరక్క విసుగొచ్చి మూసేస్తున్నావు. అంతేగానీ నీకు చదవడం రాకుండా పోలేదు.

ఇది నేను పడిందే. మీ పెదనాన్నకు డయాలసిస్ జరిగిన రోజుల్లో వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ మంచం పక్కన కూర్చునేదాన్ని. చేతిలో లావుపాటి నవల ఉండేది. పేజీ చివరికి వచ్చేసరికి పైన ఏం చదివానో గుర్తుండేది కాదు. రెండు నెలలు ఆ నవల ముందుకు కదల్లేదు. ఒకరోజు ఆయనే "ఏం చదువుతున్నవ్, నాకూ వినిపించు" అన్నారు. నవల మధ్యలోంచి ఏం వినిపించను? సంచిలో ఉన్న వారపత్రిక తీసి, అందులో రెండు పేజీల కథ మెల్లగా చదివాను. మిషన్ మోగితే ఆగాను. "తర్వాత?" అన్నారు. తలెత్తి చూస్తే పక్క మంచం మీదావిడ కూడా ఇటు తిరిగి వింటోంది. ఆ రోజు నేను చదివిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

కాబట్టి నవల జోలికి ఇప్పుడే వెళ్లకు. ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు గుర్తుగా పెట్టి వదిలేశావే, ఆ పుస్తకాన్ని ముందు అల్మారాలో పెట్టెయ్. కనపడినప్పుడల్లా అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది. ఒక్క కూర్చోవడంలో అయిపోయే కథ తీసుకో. పైకి చదువు. మీ అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటుంది. వినేవాళ్లుంటే కళ్లు వాక్యాలు దాటేయలేవు.

ఫోన్ ఆపెయ్ అని నేను చెప్పను, నీ ఉద్యోగం అందులోనే ఉంది. రాత్రి తొమ్మిదికి రింగ్ పెంచి వంటింట్లో చార్జింగ్ పెట్టు. నిజంగా అవసరమైతే కాల్ చేస్తారు, గ్రూపు మెసేజ్‌లు పొద్దున చూసుకోవచ్చు. ఇరవై నిమిషాలు చాలు. పేజీలు మాత్రం లెక్కపెట్టకు, అది కూడా టార్గెట్ అయిపోతుంది.

ఇంకోటి. నువ్వు వసూలు చేసే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అంటే లైబ్రరీల కోసం వేసే అదనపు పన్ను ఉంటుంది కదా. ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి ఆ పైసలు తెచ్చేదానివి, నువ్వే లైబ్రరీ మెట్లెక్కకపోతే ఎలా? మహబూబ్‌నగర్ వెళ్లిన రోజు జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకో. తిరిగివ్వాల్సిన తేదీ ఒకటి ఉంటే పుస్తకం మూల పడదు.

అక్కడ సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అడుగు. 1896లో మీ పాలమూరు గడ్డ మీదే పుట్టారాయన. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. చరిత్ర అని భయపడకు. రాజుల యుద్ధాల కోసం రాసింది కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఇవీ అందులో సంగతులు. ఎక్కడ తెరిస్తే అక్కడ నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టెయ్యొచ్చు. రోజంతా ఊళ్లో తిరిగే నీకు, ఆ పాతకాలపు ఊళ్లు చాలా దగ్గరగా అనిపిస్తాయి.

ఆదివారం నల్గొండ రా బిడ్డా. ఆ వారపత్రిక ఇంకా దాచే ఉంచాను. అన్నం తిన్నాక నువ్వు చదువు, నేను వింటాను. మీ పెదనాన్న పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ పైకి చదవలేదు.

నీ పెద్దమ్మ